ఓవర్‌టైమ్‌లో ఓడితే తప్పెవరిది?

ఒక ఐస్ హాకీ మ్యాచ్, ఏళ్ల తరబడి చల్లారని అభిమానుల ఆగ్రహం. నింద వెనుక పనిచేసే మనస్తత్వ శాస్త్రం, భౌతిక శాస్త్రం, గణితం

2013 మే 13 రాత్రి. అమెరికాలోని బోస్టన్ నగరంలో టీడీ గార్డెన్ స్టేడియం. నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) ప్లేఆఫ్ తొలి రౌండ్‌లో ఏడో మ్యాచ్, అంటే సిరీస్‌ను తేల్చే మ్యాచ్. కెనడాకు చెందిన టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టు మూడో పీరియడ్ ఆరంభంలోనే 4-1 ఆధిక్యంలోకి వెళ్లింది. 2004 తర్వాత ఆ జట్టు ప్లేఆఫ్‌కు చేరడమే అది మొదటిసారి. టొరంటోలో స్టేడియం బయట పెద్ద తెర ముందు వేలమంది గుమిగూడి సంబరాలకు సిద్ధమయ్యారు.

ఇంకా సుమారు 11 నిమిషాల ఆట మిగిలి ఉండగా బోస్టన్ బ్రూయిన్స్ ఆటగాడు నేథన్ హోర్టన్ ఒక గోల్ చేశాడు. 4-2. ఆట ముగియడానికి 1 నిమిషం 22 సెకన్ల ముందు మిలన్ లూచిచ్ మరొకటి కొట్టాడు. 4-3. సరిగ్గా 31 సెకన్ల తర్వాత పాట్రిస్ బెర్జెరాన్ స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్ మొదలైన 6 నిమిషాల 5 సెకన్లకు మళ్లీ బెర్జెరానే గోల్ ముందు దొరికిన పక్‌ను లోపలికి పంపాడు. బోస్టన్ 5, టొరంటో 4. ఏడో మ్యాచ్ చివరి పీరియడ్‌లో 3 గోల్స్ వెనుకబడి కూడా గెలిచిన జట్టు ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో అంతకుముందు లేదు.

ఆట ఆ రాత్రితో ముగిసింది. వాదన మాత్రం ముగియలేదు. గోల్‌కీపర్ జేమ్స్ రైమర్ ఆపాల్సిందని కొందరు, డిఫెండర్లు గోల్ ముందు నిలబడలేకపోయారని కొందరు, కోచ్ ర్యాండీ కార్లైల్ వ్యూహమే తప్పని మరికొందరు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. మన దగ్గర క్రికెట్ మ్యాచ్ ఓడిన మర్నాడు టీ దుకాణం దగ్గర జరిగే చర్చకూ దీనికీ పెద్ద తేడా లేదు. అందరి ప్రశ్నా ఒక్కటే: ఎవరి వల్ల ఓడిపోయాం? ఈ ప్రశ్నకు మన మెదడు జవాబు వెతికే తీరును శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు. వారి ఫలితాలు చూస్తే, ఆ జవాబు మీద మనకున్న ధీమా కొంత సడలక తప్పదు.

ఈ ఆట ఎలా నడుస్తుంది?

ఐస్ హాకీ మనకు తెలిసిన మైదాన హాకీ లాంటిది కాదు. సుమారు 61 మీటర్ల పొడవు, 26 మీటర్ల వెడల్పు ఉన్న మంచు పలకపై ఒక్కో జట్టు నుంచి గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు స్కేట్లతో ఆడతారు. బంతికి బదులు గట్టి రబ్బరుతో చేసిన బిళ్ల ఉంటుంది. దాన్నే పక్ అంటారు. దాని మందం 2.5 సెంటీమీటర్లు, బరువు సుమారు 160 గ్రాములు. మంచుపై ఎగిరెగిరి పడకుండా దాన్ని ముందుగానే గడ్డకట్టేలా చల్లబరుస్తారు. ఆట 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు సాగుతుంది.

ప్లేఆఫ్‌లో స్కోరు సమమైతే పెనాల్టీ షాట్లతో తేల్చరు. మళ్లీ 20 నిమిషాల పీరియడ్ మొదలవుతుంది. ఎవరు ముందు గోల్ చేస్తే వారిదే గెలుపు. గోల్ పడకపోతే మరో పీరియడ్, ఆపై ఇంకొకటి. 1936 మార్చిలో డెట్రాయిట్, మాంట్రియల్ మెరూన్స్ జట్ల మధ్య మ్యాచ్ ఇలాగే ఆరో ఓవర్‌టైమ్ దాకా వెళ్లి 1-0తో ముగిసింది. ఒక్క గోల్‌తో అంతా తేలిపోయే ఈ పద్ధతి ఉత్కంఠను పెంచుతుంది. అంతే బలంగా నిందను కూడా ఒకే క్షణం మీదికి, ఒకే మనిషి మీదికి తోస్తుంది.

వేలు చివరివాడి వైపే ఎందుకు?

1990లో మనస్తత్వవేత్తలు డేల్ మిల్లర్, సాకు గుణశేఖరం ఒక చిన్న కథతో ప్రయోగం చేశారు. జోన్స్, కూపర్ అనే ఇద్దరు చెరొక నాణెం ఎగరేస్తారు. రెండూ ఒకే వైపు పడితే చెరి 1000 డాలర్లు దక్కుతాయి. ముందు జోన్స్ ఎగరేస్తే బొమ్మ పడింది. తర్వాత కూపర్ ఎగరేస్తే బొరుసు పడింది. డబ్బు పోయింది. తప్పెవరిది?

లెక్కప్రకారం ఎవరిదీ కాదు. ఇద్దరి చేతిలో ఉన్నదీ సమానమైన అదృష్టమే. అయినా ఎక్కువమంది వేలు చూపింది కూపర్ వైపే. అతనికే ఎక్కువ అపరాధ భావన కలుగుతుందని, జోన్స్ అతన్నే ఎక్కువగా నిందిస్తాడని వారు చెప్పారు. కారణం సులువే. ముందు జరిగిపోయినదాన్ని మనసు స్థిరమైన పరిస్థితిగా తీసుకుంటుంది. చివర జరిగినదాన్నే మార్చగలిగినదిగా చూస్తుంది. ‘అతను బొమ్మ వేసి ఉంటే’ అనుకోవడం తేలిక. ‘మొదటివాడు బొరుసు వేసి ఉంటే’ అన్న ఊహ మాత్రం అంత తొందరగా తట్టదు.

బోస్టన్ మ్యాచ్‌కు దీన్ని అన్వయించి చూడండి. హోర్టన్ గోల్ లేకపోతే ఓవర్‌టైమే లేదు. లూచిచ్ గోల్ లేకపోయినా లేదు. 4-1 స్కోరు దగ్గర టొరంటో ఇంకొక్క గోల్ చేసి ఉన్నా లేదు. ఆ సిరీస్ నాలుగో మ్యాచ్‌ను కూడా టొరంటో ఓవర్‌టైమ్‌లోనే 4-3తో పోగొట్టుకుంది. అది గెలిచి, తర్వాత గెలిచిన రెండు మ్యాచ్‌లూ అలాగే గెలిచి ఉంటే ఏడో మ్యాచ్ అవసరమే పడేది కాదు. ఓటమికి ఇవన్నీ సమానంగా అవసరమైన మెట్లే. కానీ జ్ఞాపకంలో నిలిచేది చివరి మెట్టు ఒక్కటే.

‘నాకు ముందే తెలుసు’

ఓటమి తర్వాత వినిపించే రెండో మాట ఇది. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ చేసిన ప్రయోగం ఈ మాటలోని బలహీనతను బయటపెట్టింది. అందులో వాడిన ఘట్టాల్లో ఒకటి మన ప్రాంతపు చరిత్రే కావడం విశేషం. 1814 నాటి బ్రిటిష్, గూర్ఖా సేనల పోరు గురించి చదివించి, ఒక్కో బృందానికి ఒక్కో ఫలితం చెప్పారు. కొందరికి బ్రిటిష్ వారు గెలిచారని, కొందరికి గూర్ఖాలు గెలిచారని, మరికొందరికి తేలకుండా పోయిందని. ఆ ఫలితం తెలియనట్టుగా భావించి, ఏది జరగడానికి ఎంత అవకాశం ఉండేదో అంచనా వేయమన్నారు. ప్రతి బృందమూ తమకు చెప్పిన ఫలితానికే ఎక్కువ అవకాశం ఉండేదని అంచనా కట్టింది. ఒకసారి ఫలితం తెలిశాక, తెలియని స్థితికి మనసు తిరిగి వెళ్లలేదన్నమాట.

దీనికి తోబుట్టువు లాంటిది ఫలిత పక్షపాతం. 1988లో జొనాథన్ బారన్, జాన్ హెర్షీ ఒక శస్త్రచికిత్స ఉదాహరణ తీసుకున్నారు. వైద్యుడి ముందున్న సమాచారం ఒకటే, అతని నిర్ణయమూ ఒకటే. రోగి బతికాడని విన్నవారు ఆ నిర్ణయం మంచిదన్నారు. చనిపోయాడని విన్నవారు తక్కువ మార్కులు వేశారు. హాకీలో డిఫెండర్ తన స్థానం వదిలి పక్ కోసం ముందుకు దూసుకెళ్తాడు. పక్ దొరికితే అది తెగువ, దొరక్కపోతే తెలివితక్కువతనం. ఆ క్షణంలో అతను చేసిన లెక్క మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే.

గోల్‌కీపర్ కంటికి ఏం కనిపించింది?

నింద ఎక్కువగా పడేది గోల్‌కీపర్ మీద. అందుకే అతని పని ఎంత కష్టమో భౌతిక శాస్త్రం లెక్కల్లో చూడటం న్యాయం. బలమైన షాట్‌లో పక్ గంటకు 160 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అంటే సెకనుకు సుమారు 44 మీటర్లు. 18 మీటర్ల దూరం నుంచి కొడితే గోల్ చేరడానికి 0.4 సెకన్లు పడుతుంది. కంటికి కనిపించినదానికి శరీరం స్పందించడం మొదలుపెట్టడానికే సుమారు 0.2 సెకన్లు కావాలి. మిగిలిన 0.2 సెకన్లలో కాలో చెయ్యో సరైన చోటికి చేరాలి. కాపాడాల్సిన గోల్ 1.83 మీటర్ల వెడల్పు, 1.22 మీటర్ల ఎత్తు.

అదే వేగంతో 6 మీటర్ల దూరం నుంచి వస్తే పక్‌కు పట్టే సమయం 0.14 సెకన్లే. అంటే మెదడు ‘చూశాను’ అనేలోపే గోల్ పడిపోతుంది. అలాంటి షాట్‌ను గోల్‌కీపర్ చూసి ఆపడు. కొట్టేవాడి భుజం, కర్ర కోణం, శరీరం తిరిగిన తీరు గమనించి ముందుగానే ఊహించి సరైన చోట నిలబడతాడు. ఆ దృశ్యానికి ఏదైనా అడ్డం వస్తే ఊహకు ఆధారమే పోతుంది.

51 సెకన్లు మిగిలి ఉండగా పడిన గోల్‌లో జరిగింది ఇదే. బోస్టన్ కెప్టెన్ జెడెనో ఛారా ఎత్తు 206 సెంటీమీటర్లు. అప్పటిదాకా ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడినవారిలో అత్యంత పొడగరి అతనే. ఆ సమయంలో అతను సరిగ్గా రైమర్ ముందు నిలబడ్డాడు. దూరం నుంచి బెర్జెరాన్ కొట్టిన పక్, మనిషి గోడ దాటాకే గోల్‌కీపర్ కంటపడే పరిస్థితి. టీవీ కెమెరా పైనుంచి చూపే దృశ్యంలో పక్ దారి స్పష్టంగా కనిపిస్తుంది. లక్షలమంది చూసిన ఆ దారిని చూడలేకపోయింది, చూడాల్సిన ఆ ఒక్క మనిషే.

ఓవర్‌టైమ్‌లో మరో చిక్కు ఉంది. ఐస్ హాకీలో ఆటగాళ్లు 45 సెకన్లకో నిమిషానికో ఒకసారి బెంచీకి వెళ్లి మారుతుంటారు. ప్రతి పీరియడ్‌కూ జట్లు వైపులు మార్చుకుంటాయి. అందువల్ల రెండో పీరియడ్‌లోనూ, మొదటి ఓవర్‌టైమ్‌లోనూ తమ గోల్‌ను కాపాడుతున్న ఆటగాళ్లకు బెంచీ దూరమవుతుంది. ప్రత్యర్థి ఒత్తిడిలో చిక్కుకుంటే అలసిపోయిన కాళ్లతోనే నిలబడాలి. బయటికి బద్ధకంలా కనిపించేది చాలాసార్లు ఈ దూరం తెచ్చిన అలసటే.

అదృష్టం వాటా ఎంత?

ఈ ప్రశ్న అభిమానులకు అంతగా నచ్చదు. ఆ రోజుల్లో ఎన్‌హెచ్‌ఎల్‌లో గోల్ వైపు వెళ్లిన ప్రతి 100 షాట్లలో దాదాపు 91ని గోల్‌కీపర్లు ఆపేసేవారు. ఒక్కో షాట్ గోలయ్యే అవకాశం స్థూలంగా 9 శాతం అనుకుందాం. ఓవర్‌టైమ్‌లో ఒక జట్టు బాగా ఆడి మొత్తం షాట్లలో 60 శాతం తానే కొట్టిందనుకుందాం. అందరి షాట్ల నాణ్యతా సమానమైతే, ముందు గోల్ చేసే అవకాశం ఆ జట్టుకు 60 శాతం. అంటే స్పష్టంగా మెరుగ్గా ఆడిన జట్టు కూడా ఇలాంటి 10 ఓవర్‌టైమ్‌లలో 4 ఓడిపోతుంది. ఆ నాలుగు ఓటములకూ అభిమానులు నాలుగు కారణాలు, నలుగురు దోషులను వెతికి పెడతారు.

2018లో ‘యానల్స్ ఆఫ్ అప్లైడ్ స్టాటిస్టిక్స్’ పత్రికలో ముగ్గురు గణాంక శాస్త్రవేత్తలు అమెరికాలోని నాలుగు పెద్ద లీగ్‌లను పోల్చారు. బాస్కెట్‌బాల్‌లో మెరుగైన జట్టు గెలిచే అవకాశం అన్నింటికన్నా ఎక్కువని, హాకీ, బేస్‌బాల్‌లలో ఒక్కో మ్యాచ్ ఫలితం నాణెం ఎగరేయడానికి చాలా దగ్గరగా ఉంటుందని వారి విశ్లేషణ చెబుతోంది. బాస్కెట్‌బాల్‌లో ఒక మ్యాచ్‌లో ఒక్కో జట్టుకు వంద దాకా అవకాశాలు వస్తాయి కాబట్టి నైపుణ్యం పైచేయి సాధిస్తుంది. హాకీలో పడేవి ఐదారు గోల్స్. ఒక్క పక్ ఎవరి స్కేటుకో తగిలి దారి మళ్లితే అంతా తారుమారు.

నింద భయం నిర్ణయాలనూ మారుస్తుంది

లూచిచ్, బెర్జెరాన్ గోల్స్ పడినప్పుడు బోస్టన్ గోల్ ఖాళీగా ఉంది. వెనుకబడిన జట్టు ఆఖర్లో గోల్‌కీపర్‌ను బయటికి పిలిచి, బదులుగా ఆరో ఆటగాణ్ని దాడికి పంపవచ్చు. ప్రత్యర్థికి పక్ చిక్కితే ఖాళీ గోల్‌లో వేసేస్తాడు. కానీ ఒక గోల్‌తో ఓడినా రెండు గోల్స్‌తో ఓడినా ఓటమే కదా!

ఈ ఎత్తుగడ ఎప్పుడు వేయాలన్న లెక్క 1970ల నుంచే ఉంది. 2018లో క్లిఫర్డ్ ఆస్నెస్, ఆరన్ బ్రౌన్ చేసిన విశ్లేషణ ప్రకారం ఒక గోల్ వెనుకబడితే అయిదారు నిమిషాల ముందే గోల్‌కీపర్‌ను తీసేయడం లాభం. రెండు గోల్స్ వెనుకబడితే అంతకన్నా చాలా ముందే తీసేయాలి. కోచ్‌లు మాత్రం అప్పట్లో చివరి ఒకటి రెండు నిమిషాల దాకా ఆగేవారు. మామూలు పద్ధతిలో ఓడితే ‘దురదృష్టం’ అంటారు. ఖాళీ గోల్‌లో గోల్ పడి ఓడితే ‘కోచ్ మూర్ఖత్వం’ అంటారు. ఆ మాట పడటం కన్నా గెలుపు అవకాశం తగ్గించుకోవడమే మేలనిపిస్తుంది.

ఫుట్‌బాల్ గోల్‌కీపర్లలోనూ ఇదే కనిపించింది. 2007లో ప్రచురితమైన ఇజ్రాయెల్ పరిశోధకుల అధ్యయనం 286 పెనాల్టీ కిక్‌లను పరిశీలించింది. మధ్యలో కదలకుండా నిలబడితే ఆపే అవకాశం ఎక్కువని తేలింది. అయినా 94 శాతం సార్లు గోల్‌కీపర్లు ఏదో ఒక పక్కకు దూకారు. దూకి విఫలమైతే ప్రయత్నించాడంటారు, నిలబడి విఫలమైతే చూస్తూ ఊరుకున్నాడంటారు.

మనం గెలిచాం, వాళ్లు ఓడారు

అభిమాని శరీరం ప్రేక్షకుడిలా ఊరికే కూర్చోదు. 2017లో కెనడాలోని మాంట్రియల్‌లో 20 మంది మీద జరిగిన చిన్న అధ్యయనంలో, టీవీలో హాకీ చూస్తున్నవారి గుండె వేగం 75 శాతం, స్టేడియంలో చూస్తున్నవారిది 110 శాతం పెరిగింది. తారస్థాయి ఎక్కువగా నమోదైన సందర్భాల్లో ఓవర్‌టైమ్ ఒకటి. ఇంత ఉద్వేగం తర్వాత ఓటమి వస్తే ఆ కోపానికి ఒక చిరునామా కావాలి. అత్త మీద కోపం దుత్త మీద చూపడం ఇంటికే పరిమితం కాదు.

కళ్లు కూడా పక్షం వహిస్తాయి. 1951లో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కళాశాలల మధ్య మొరటుగా సాగిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఫిల్మ్‌ను రెండు చోట్ల విద్యార్థులకూ చూపారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు డార్ట్‌మత్ విద్యార్థులకు కనిపించినదానికన్నా ప్రిన్స్‌టన్ విద్యార్థులకు రెట్టింపు పైగా కనిపించాయి. ఫిల్మ్ ఒక్కటే. 1976లో రాబర్ట్ చాల్డినీ బృందం మరో సంగతి గమనించింది. తమ విశ్వవిద్యాలయ జట్టు గెలిచినప్పుడు విద్యార్థులు ‘మనం గెలిచాం’ అన్నంతగా, ఓడినప్పుడు ‘మనం ఓడాం’ అనరు. అప్పుడు జట్టు ‘వాళ్లు’ అయిపోతుంది. దోషిని వెతికే పని అక్కడే మొదలవుతుంది.

నిందకు మూల్యం

దీని తీవ్రత భారతీయులకు కొత్త కాదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల హాకీ ఫైనల్లో భారత్ 1-7 తేడాతో పాకిస్తాన్ చేతిలో ఓడింది. ఏడు గోల్స్ పడటానికి రక్షణ శ్రేణి, మధ్య శ్రేణి, వ్యూహం అన్నీ దెబ్బతినాలి. కానీ దేశం వేలు చూపింది గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగి వైపు. అమ్ముడుపోయాడన్న ఆరోపణను కూడా ఆయన భరించాల్సి వచ్చింది. 2002 మాంచెస్టర్ కామన్‌వెల్త్ క్రీడల్లో భారత మహిళల జట్టు స్వర్ణం గెలిచినప్పుడు గోల్‌కీపింగ్ కోచ్ ఆయనే. ఆ మచ్చ చెరగడానికి మధ్యలో 20 ఏళ్లు గడిచాయి.

ఆటల బయట ఇదే అలవాటు మరింత ప్రమాదకరం. బ్రిటన్‌కు చెందిన జేమ్స్ రీజన్ మానవ తప్పిదాలపై చేసిన పరిశోధన విమానయానం, వైద్యం లాంటి రంగాలకు దారి చూపింది. ఆయన పోలిక రంధ్రాలున్న జున్ను ముక్కలు. ప్రతి రక్షణ పొరలోనూ ఏవో రంధ్రాలు ఉంటాయి. అన్నీ ఒకే వరుసలో కలిసినప్పుడే ప్రమాదం జరుగుతుంది. చివరి పొర దగ్గర ఉన్న నర్సునో పైలట్‌నో శిక్షించి ఊరుకుంటే ముందున్న రంధ్రాలు అలాగే ఉండిపోతాయి. గోల్‌కీపర్ కూడా అలాంటి చివరి పొరే. ఐదుగురిని దాటాకే పక్ అతని దాకా వస్తుంది.

అలాగని ఎవరికీ బాధ్యత లేదనడం కూడా శాస్త్రీయం కాదు. గోల్ ముందున్న ప్రత్యర్థిని కదిలించలేకపోవడం, ఆధిక్యంలో ఉన్నామని దాడి మానేసి వెనక్కి తగ్గడం నిజమైన లోపాలే. వాటిని పట్టుకోవడానికి విశ్లేషకులు వాడే పద్ధతి సులువైనది: ఫలితం పక్కన పెట్టి, ఆ క్షణంలో ఆటగాడికి తెలిసిన సమాచారం ఏమిటో రాసుకుంటారు; అదే నిర్ణయం వంద సార్లు తీసుకుంటే ఎన్నిసార్లు లాభమో చూస్తారు; ఒక్క మ్యాచ్ కాక మొత్తం సీజన్‌ను లెక్కలోకి తీసుకుంటారు. అలా చూసినప్పుడు ఒక్కోసారి తప్పు నిజంగానే ఒకరిదని తేలవచ్చు. చాలాసార్లు అది పది చోట్ల, కొంచెం కొంచెంగా పంచుకుని కనిపిస్తుంది.

బోస్టన్ జట్టు ఆ ఏడాది ఫైనల్ దాకా వెళ్లి షికాగో చేతిలో ఓడింది. ఆ సిరీస్ చివరి మ్యాచ్‌లో ఆఖరి నిమిషంన్నర దాకా బోస్టన్ 2-1 ఆధిక్యంలోనే ఉంది. షికాగో 17 సెకన్ల వ్యవధిలో రెండు గోల్స్ కొట్టి కప్పు ఎత్తుకెళ్లింది. ఆరు వారాల కిందట టొరంటోలో నడిచిన వాదనే ఈసారి బోస్టన్‌లో మొదలైంది.